పదిహేడో నంబరు అమ్మాయి

ఆ చలికాలంలో రెండు వారాల పాటు నేను మధ్యాహ్నం డ్యూటీ ఒక్కటి కూడా ఒప్పుకోలేదు. తోటి కండక్టర్లతో షిఫ్టులు మార్చుకున్నాను. ఒకామెకు వాళ్ల చెల్లెలి పెళ్లి రోజు ఆమె బండి నేను చేస్తానని మాటిచ్చాను. తెల్లవారుజామున చేవెళ్లలో బస్సెక్కి, మెహిదీపట్నానికి రెండు ట్రిప్పులు తిరిగి, ఒంటిగంటకల్లా టికెట్ మిషను అప్పజెప్పేదాన్ని. ఖాకీ చొక్కా కూడా విప్పకుండా ఇంకో బస్సెక్కి మొయినాబాద్‌లో దిగేదాన్ని. ఇంట్లో అడిగితే సారుకు కళ్లు బాగాలేవు, చూసి వస్తున్నానని చెప్పాను. అది అబద్ధం కాదు. కానీ నేను పోయేది హాకీ కోసం.

అమ్మాయిల జూనియర్ జట్లు ఆడే అంతర్జాతీయ టోర్నీ ఒకటి అప్పుడు తూర్పున ఎక్కడో ఒక దేశంలో జరుగుతోంది. అక్కడ సాయంత్రం మొదలయ్యే ఆట మనకు రెండు గంటలకు వచ్చేది. క్రికెట్ అయితే చేవెళ్ల చౌరస్తాలో ప్రతి టీకొట్టు ముందూ గుంపు కనిపిస్తుంది. ఇరవై ఏళ్లు కూడా నిండని ఆడపిల్లల హాకీని ఆ దారి పొడవునా కూర్చుని చూసినవాళ్లం మేం ముగ్గురమే అయి ఉంటాం.

మొదటివారు సారు. నేను హాస్టల్ బడిలో ఏడో తరగతిలో చేరినప్పుడు నా చేతికి హాకీ కర్ర ఇచ్చింది ఆయనే. పీఈటీగా రిటైరై మొయినాబాద్‌లో మార్కెట్ వెనక సందులో ఉంటున్నారు. రెండు గదుల ఇల్లు, ముందొక రేకుల వసారా. షుగరు వల్ల ఆయన కళ్లు దెబ్బతిన్నాయి. చూపు మధ్యలో మసక, అంచుల్లో మాత్రం కొంచెం కనిపిస్తుంది. టీవీలో మైదానం పచ్చదో నీలిదో తెలుస్తుంది, జెర్సీల రంగులు తెలుస్తాయి. బంతి కనిపించదు. మనిషిని గుర్తుపట్టలేరు. అందుకని ఆట చూస్తూ నేను చెబుతుంటాను, ఆయన వింటారు.

రెండోదాన్ని నేను. మూడో ఆయన సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. వాళ్ల నాన్న తొంభైల్లో ఉద్యోగం మీద కోస్తా నుంచి హైదరాబాద్ వచ్చారట. ఈయన ఇక్కడే పెరిగినా మాట మాత్రం వాళ్లింటి మాటే. అజీజ్‌నగర్ దాటాక కట్టిన విల్లాల్లో ఉంటాడు. ఒక వేసవిలో కూతురికి హాకీ నేర్పమని సారును వెతుక్కుంటూ వచ్చాడు. ఆ పిల్ల రెండు నెలల్లో కర్ర పక్కన పడేసి డ్రాయింగ్‌కు పోయింది. తండ్రి మాత్రం రావడం మానలేదు. ఆయన నన్ను అక్కా అంటాడు, నేను ఆయన్ని అన్నా అంటాను. ఎవరు పెద్దో మేం ఎప్పుడూ తేల్చుకోలేదు.

ఆ రెండు వారాలు ఆయన ఇంటి నుంచే ఆఫీసు పని అని చెప్పి సారు ఇంటికి వచ్చేవాడు. ఒక లాప్‌టాప్‌ను టీవీకి తగిలించేవాడు, ఇంకో లాప్‌టాప్‌లో మీటింగు నడిచేది. చెవిలో ఒకవైపు మేనేజరు, ఇంకోవైపు మేము. మధ్యమధ్య హఠాత్తుగా ఇంగ్లీషులో సరే చూస్తాను అనేసి మళ్లీ ఆటలోకి వచ్చేవాడు. సారు భార్య, మేమంతా అమ్మ అనే ఆమె, ఉడకబెట్టిన పల్లీలు గిన్నెనిండా తెచ్చి మా మధ్య పెట్టేది.

ఆ పిల్లల్లో రేపు పెద్ద జట్టుకు ఎవరు పనికొస్తారు? మేం కూర్చునేది ఆ లెక్క చూడటానికే. గెలుపోటములు ఆ తర్వాత. అన్న దగ్గర ఒక పెద్ద పట్టిక ఉండేది. ఒక్కొక్క అమ్మాయికి ఒక్కొక్క వరస. ఎన్ని పాసులు సరిగ్గా ఇచ్చింది, ఎన్నిసార్లు బంతి పోగొట్టుకుంది, ఎంతసేపు ఆడింది, అన్నీ గళ్లలో నింపేవాడు. సారు అడిగే ప్రశ్న ఒకటే.

"బంతి తన తాన లేనప్పుడు ఏం జేస్తున్నదో చెప్పు బిడ్డ."

మొదటి ఆట ఐరోపా జట్టుతో. మనవాళ్లలో రైట్ బ్యాక్ ఆడింది పదిహేడో నంబరు అమ్మాయి. పద్దెనిమిదేళ్లు. సన్నగా, పొడుగ్గా, జడ రెండు మడతలు వేసి కట్టుకుంది. మొదటి పది నిమిషాల్లోనే నా కన్ను ఆమె మీద పడింది. బంతి రాకముందే వెనక్కి ఒకసారి, పక్కకు ఒకసారి తిరిగి చూసుకుంటుంది. వచ్చాక ఇక చూడదు, పంపేస్తుంది.

"మంచిగున్నది సారూ గీమె," అన్నాను. "ముందే చూసుకుంటున్నది."

"ఎన్నిసార్లు?"

"ప్రతిసారి."

సారు తల ఊపారు. ఆయన తల ఊపితే బడి రోజుల్లో మాకు కప్పు గెలిచినంత పని.

మూడో క్వార్టర్‌లో అంతా తారుమారైంది. ఎదుటి జట్టు అమ్మాయి ఒకతె మీదికి దూసుకొచ్చింది. పదిహేడో నంబరు కర్ర అడ్డం పెట్టాల్సింది పోయి ఒకడుగు వెనక్కి వేసింది. బంతి ఆమె పక్క నుంచే దూరిపోయింది, గోల్ అయింది. ఇంకో మూడు నిమిషాలకు మళ్లీ అంతే. ఈసారి బంతిని తన గోల్ వైపే మెల్లగా నెట్టింది, ఎదుటివాళ్లు లాక్కుని కొట్టారు. కోచ్ ఆమెను పక్కకు పిలిచేశాడు. ఆట మూడు ఒకటితో పోయింది.

అన్న పట్టికలో ఆమె గడికి ఎర్ర రంగు నింపాడు. "ఒత్తిడి తట్టుకోలేదు మాస్టారూ ఈ అమ్మాయి. అడుగు వెనక్కేసింది చూశారా. భయం అండీ, స్పష్టంగా కనిపిస్తోంది."

నేను పల్లీ వలుస్తూ ఆగిపోయాను. సారు నా వైపు తిరిగి, "నువ్వేమంటవ్?" అన్నారు.

"వెనకకైతే ఏసింది," అన్నాను.

అప్పుడు నేనెందుకు ఆగిపోయానో చెప్పాలి. నేను పదో తరగతిలో ఉండగా జిల్లా జట్టుకు సెలక్షన్లు జరిగాయి. మా బడి నుంచి ఎనిమిది మందిమి వెళ్లాం, ఎంపిక చేసేవాళ్లలో సారూ ఒకరు. లెఫ్ట్ హాఫ్‌గా నా స్థానం ఖాయమని అందరూ అనుకున్నారు, నేనూ అనుకున్నాను. నన్ను పది నిమిషాలు ఆడించారు. వారం తర్వాత బోర్డు మీద పెట్టిన జాబితాలో నా పేరు లేదు. స్టాఫ్ రూము ఊడ్చే వంతు వచ్చిన నా స్నేహితురాలు సారు రిజిస్టరు తెరిచి చూసి వచ్చింది. నా పేరు ఎదురుగా నాలుగే మాటలు ఉన్నాయంది. ఆట తెలుసు, భయం ఉంది.

నేను సారును ఎప్పుడూ అడగలేదు. ఇంటర్‌లో చేరాను, పెళ్లయింది, పిల్లలు పుట్టారు, కండక్టరు ఉద్యోగం వచ్చింది. మెహిదీపట్నం బస్సులో కిక్కిరిసిన జనం మధ్య తోసుకుంటూ తిరిగాను, తాగొచ్చినవాళ్లను చొక్కా పట్టుకుని దింపాను. అయినా ఆ మాట నాలోంచి పోలేదు. ఏళ్ల తర్వాత బస్సులో సారు కనిపించి, మసక కళ్లతోనే నా గొంతు గుర్తుపట్టి పేరు పెట్టి పిలిచినప్పుడు నాకు కళ్లనీళ్లు తిరిగాయి. అప్పటి నుంచి ఆ ఇంటికి పోతూనే ఉన్నాను. ఆయన మీద కోపం లేదు. ఆ మాట మీద మాత్రం ఉండేది.

ఆ రాత్రికల్లా అన్న ఒక పని చేశాడు. దేశం నలుమూలల హాకీ పిచ్చివాళ్లు ఉండే గ్రూపొకటి ఆయన ఫోనులో ఉంది. పదిహేడో నంబరు వెనకడుగు వేసిన ముక్కను, సరిగ్గా పన్నెండు సెకన్లు, కత్తిరించి అందులో పెట్టాడు. కింద ఇంగ్లీషులో రాశాడు: ఈ అమ్మాయికి గుండె లేదు, భయపడే డిఫెండర్ పెద్ద జట్టుకు పనికిరాదు. తెల్లారేసరికి అది ఆ గ్రూపు దాటిపోయింది. ఎవరెవరో దానికి పాటలు తగిలించారు, బొమ్మలు అతికించారు. ఆ పిల్ల రంగు గురించి, ఊరి గురించి, ఇంటికి పోయి వంట చేసుకోమని, రాయకూడనివన్నీ రాశారు.

రెండో ఆట ఒక రోజు విడిచి జరిగింది. నేను వెళ్లేసరికి అన్న ముఖం మాడిపోయి ఉంది. ఫోను నాకు చూపించాడు.

"నేను ఇంత అవుతుందనుకోలేదక్కా. ఆట గురించే రాశాను నేను."

"గుండె లేదని రాయడం ఆట గురించా అన్నా?" అన్నాను. గట్టిగా అనలేదు. ఆయన ఫోను బోర్లా పెట్టాడు.

ఆ రోజు పదిహేడో నంబరును ఆడించలేదు. కెమెరా అప్పుడప్పుడూ బెంచీ వైపు తిరిగినప్పుడు ఆమె కనిపించేది. మిగతావాళ్లు కూర్చుంటే ఆమె నిలబడి, బయటికి వచ్చినవాళ్లకు నీళ్ల సీసాలు అందిస్తోంది. సారు ప్రతిసారీ ఆమె ఏం చేస్తోందని అడిగారు, నేను చెప్పాను. మన జట్టు గెలిచింది. ఒక ఫార్వర్డ్ అమ్మాయి రెండు గోల్స్ కొట్టింది. మామూలుగా అయితే అన్న కుర్చీలోంచి లేచి నిలబడేవాడు. ఆ రోజు పట్టికలో అంకెలు నింపి ఊరుకున్నాడు.

ఆట అయ్యాక సారు అన్నారు, "నువ్వు గ్రూపుల పెట్టిన ముక్క మళ్ల పెట్టు."

"ఎందుకు మాస్టారూ, తీసేద్దామనుకుంటున్నాను."

"తీసేద్దువు. పన్నెండు సెకన్లు గాదు, ఐదు నిమిషాలు ముంగటి నుంచి పెట్టు. నాకు గోల్ వద్దు, అంతకు ముందుది గావాలె."

అన్న మొదటి ఆట తెరిచి మూడో క్వార్టర్ దగ్గర పెట్టాడు. నేను టీవీ దగ్గరికి జరిగి కూర్చుని, కనిపించింది కనిపించినట్టు చెప్పడం మొదలుపెట్టాను. బంతి ఎడమ పక్క ఉంది. పదిహేడో నంబరు తన చోటనే ఉంది. మన సెంటర్ బ్యాక్ ముందుకు పోయి తిరిగి రాలేదు, కాబట్టి ఈమె ఇద్దరి పని చూస్తోంది. ఎదుటివాళ్లు ఒక గట్టి దెబ్బ కొట్టారు, ఈమె అడ్డుకుంది.

"ఆగన్నా," అన్నాను. "వెనకకు తిప్పు."

మళ్లీ చూశాం. బంతి కర్రకు కాదు, కుడిచేతి వేళ్లకు తగిలింది. అంపైర్ చూడలేదు, కెమెరా కూడా బంతి వెంట పోయింది. తెర అంచున మాత్రం ఆమె చేయి విదిలించి, ఆ చేతిని తొడకేసి రాసుకోవడం ఒక్క క్షణం కనిపించింది. తర్వాత కర్ర పట్టుకున్న తీరు మారింది. కుడిచెయ్యి బొటనవేలు, చూపుడువేలు, అంతే. మిగతా వేళ్లు కర్రకు ఆనడం లేదు. ఆమె బెంచీ వైపు ఒకసారి చూసి, వెంటనే ముఖం తిప్పుకుంది.

"గామె భయపడ్తలేదు సారూ," అన్నాను. "చెయ్యి దాస్తున్నది."

అన్న దగ్గరికొచ్చి తెరకు ముఖం ఆనించినంత పని చేశాడు. మూడుసార్లు తిప్పి చూశాడు. "నేను ఈ ఆట రెండుసార్లు చూశానక్కా. నాకు కనపడలేదు," అన్నాడు. అంతలో మీటింగు పిలుపు వచ్చి, ఫోను పట్టుకుని సందులోకి వెళ్లాడు.

సారు ఇంకా నా వైపే తిరిగి ఉన్నారు. "నీకెట్ల తెలిసింది?"

"నేను గూడ దాచిన గదా సారూ."

అది నోట్లోంచి వచ్చేసింది. వచ్చాక ఆపుకోబుద్ధి కాలేదు. పల్లీల గిన్నె తీసుకుపోవడానికి వచ్చిన అమ్మ అక్కడే గోడకు ఆనుకుని కూర్చుంది.

"జిల్లా సెలక్షన్ల నాడు నా గురించి రాసిండ్రు మీరు. భయం ఉన్నదని."

సారు కుర్చీ నా వైపు జరుపుకున్నారు. "నీకెవలు చెప్పిండ్రు?"

"తెల్సింది. ముప్పై ఏండ్ల ముచ్చట, ఇప్పుడెందుకు గాని."

"చెప్పు బిడ్డ."

చెప్పాను. ఆ రోజు నాకు నెలసరి రెండో రోజు. ఇచ్చింది తెల్ల స్కర్టు. గుడ్డ మడిచి పెట్టుకుని, పిన్నులతో బిగించుకుని మైదానంలోకి దిగాను. పరుగెత్తినంతసేపు పర్వాలేదు. వంగి కర్ర చాచాలన్నా, నేలమీద మోకాలు ఆనించి అడ్డుకోవాలన్నా ప్రాణం పోయేది. మైదానం చుట్టూ నాలుగు బళ్ల పిల్లలు, మాస్టర్లు, అందరూ మగవాళ్లే. ఒక అమ్మాయి నా పక్క నుంచి బంతి తీసుకుపోతుంటే నేను కాలు చాచలేదు. ఒకడుగు వెనక్కి వేశాను. రెండోసారి కూడా అంతే. మూడోసారికి విజిల్ వేసి నన్ను బయటికి పిలిచారు.

"అగో అదే," అన్నాను. "దెబ్బకు భయపడలే సారూ. మరకకు భయపడ్డ."

సందులోంచి అన్న మాట్లాడే ఇంగ్లీషు వినిపిస్తోంది. సారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. చుక్కల మందు వేసుకుంటారు కాబట్టి ఆయన కళ్లు ఎప్పుడూ తడిగానే ఉంటాయి. అది మందో మరొకటో నాకు తెలియలేదు.

"నేను అడగలే," అన్నారు చివరికి.

"అడిగితే మాత్రం చెప్పేదాన్నా? మీరు మగోళ్లు."

"గదే అంటున్న. అడిగేతందుకు ఒక ఆడమనిషినన్న పెట్టుకోలే. నువ్వు రెండుసార్లు వెనకకేసుడు చూసిన, రాసిన. మిగిలిన ఏండ్లన్నీ నీ ఆట చూసినోణ్ణి నేనే. గా పది నిమిషాలే రాసిన."

అమ్మ మెల్లగా అంది, "అన్నేండ్లు ఆడపిల్లలకు ఆట నేర్పినవ్. ఒక్కనాడన్న నన్ను గ్రౌండుకు రమ్మన్నవా? పిల్లలు నాకు చెప్పుకుందురు."

సారు కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నారు. నాకు ఏదో గెలిచినట్టు అనిపించలేదు. బరువు దిగినట్టు కూడా అనిపించలేదు. నిజానికి ఆయన్ని బాధపెట్టానని లోపల కలుక్కుమంది. కానీ చెప్పినందుకు చింత లేదు. లేచి బస్సుకు బయల్దేరుతుంటే సారు గుమ్మం దాకా వచ్చి, తలుపు రెక్క పట్టుకుని నిలబడి అన్నారు, "తప్పు రాసిన బిడ్డ. నువ్వు ఆడాల్సినదానివి."

ఆ మాటకు నేను తల ఊపి నడిచాను. బస్టాపులో బెంచీ మీద కూర్చుండిపోయాను. చేవెళ్ల బస్సు ఒకటి వదిలేసి తర్వాతది ఎక్కాను.

అన్న అదే రోజు తను పెట్టిన ముక్క తీసేశాడు. దాని బదులు ఐదు నిమిషాల ముక్క పెట్టి, ఆమె చేతికి దెబ్బ తగిలిన చోట గుండ్రంగా గీత గీసి, నేను తొందరపడి రాశాను, క్షమించాలి అని రాశాడు. పాత పన్నెండు సెకన్లు అప్పటికే ఎక్కడెక్కడికో పోయి తిరుగుతున్నాయి. కొత్తదాన్ని పట్టుమని పదిమంది కూడా చూడలేదు. ఒకడైతే, డబ్బు తీసుకున్నావా అని అడిగాడట. అన్న ఆ మాట చెబుతూ నవ్వబోయాడు, నవ్వు రాలేదు.

"మా అమ్మాయి నెట్‌లో ఏదో బొమ్మ పెడితే ఎవరో వంకర మాట రాశారని మొన్న ఒక పూట అన్నం తినలేదక్కా," అన్నాడు. "నేను వాడెవడో పట్టుకుంటానని ఎగిరాను."

మూడో ఆట తప్పక గెలవాల్సింది. గెలిస్తే సెమీఫైనల్. పదిహేడో నంబరు మొదటి నుంచే మైదానంలో ఉంది. కుడిచేతి రెండు వేళ్లు కలిపి తెల్ల టేపు చుట్టారు. ఎవరో అడిగారన్నమాట, లేదా ఆమే చెప్పింది. అది చూడగానే నేను సారు చెయ్యి పట్టుకుని, "కట్టు కట్టిండ్రు సారూ," అన్నాను. ఆయన నా చేతి మీద రెండుసార్లు తట్టారు.

బాగా ఆడింది. గొప్పగా అని అనను, బాగా ఆడింది. రెండో క్వార్టర్‌లో ఒక ఫార్వర్డ్ ఒంటరిగా దూసుకొస్తుంటే ఈమె తొందరపడకుండా, పక్కపక్కనే పరుగెత్తి, ఆ అమ్మాయిని అంచు వైపు తోలుకుపోయి, గీత దాటేదాకా ఓపిక పట్టింది. నేను అది చెబుతుంటే సారు ముందుకు వంగి కూర్చున్నారు. "తొందరపడలే గదా? కర్ర లేపలే గదా?" అని రెండుసార్లు అడిగారు. చివరి క్వార్టర్‌లో ఒక నిజమైన తప్పు కూడా చేసింది. ఎడమ వైపు తిరగడంలో ఆలస్యమై బంతి కాలికి తగిలింది, పెనాల్టీ కార్నర్ ఇవ్వాల్సి వచ్చింది. అందులోనే గోల్ పడింది. ఆట రెండు రెండుగా ముగిసింది. సెమీఫైనల్ పోయింది. ఆమె మైదానం మధ్యలో నడుంమీద చేతులు పెట్టుకుని నిలబడితే, గోల్‌కీపర్ వచ్చి హెల్మెట్ తీసి భుజం మీద చెయ్యి వేసింది.

అన్న పట్టిక తెరిచి నా వైపు చూశాడు. "మీరు చెప్పండక్కా. పదిహేడో నంబరుకు ఏం రాయమంటారు?"

ఒక పిల్ల గురించి నాలుగు మాటలు రాయడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. సారు ఏమీ సాయం చేయలేదు. నా వైపు చెవి పెట్టి కూర్చున్నారు.

"ముందే చూసుకుంటది," అన్నాను. "ఓపిక ఉన్నది. ఎడమ దిక్కు తిరుగుడు నేర్వాలె. దెబ్బ తగిల్తే చెప్పుడు నేర్వాలె." మళ్లీ అన్నాను, "మూడు ఆటలల్ల రెండే చూసినం అని గూడ రాయన్నా."

అన్న అలాగే రాశాడు. ఎర్ర గడిని తెల్లగా మార్చాడు. ఆ తర్వాత మిగతా అమ్మాయిల వరసలన్నీ మళ్లీ మొదటి నుంచి చూస్తానని కూర్చున్నాడు. ఆ సాయంత్రం ఆయన మేనేజరుకు ఏం సమాధానం చెప్పుకున్నాడో నాకు తెలియదు. మన జట్టు చివరికి ఐదో స్థానంలో నిలిచి ఇంటికి వచ్చింది.

నెల తర్వాత చేవెళ్లలో మండల స్థాయి బడిపిల్లల సెలక్షన్లు జరిగాయి. అక్కడి పీఈటీ ఒక పడుచు టీచరు. పెద్దవారు, వచ్చి కూర్చోండని సారును పిలిచింది. సారు వచ్చింది అన్న కారులో, అమ్మనూ వెంటబెట్టుకొచ్చారు. నన్ను ఒక పూట సెలవు పెట్టమని ముందురోజే ఫోను చేశారు. నేను వెళ్లేసరికి ఎండ ఎక్కుతోంది, మైదానం పక్క రోడ్డు మీద టమాటా ట్రేల ఆటోలు మార్కెట్‌కు పోతున్నాయి.

సారు టీచరుతో అన్నారు, "మేడం, పోరగాళ్లను మీరు ఆడించుండ్రి. ఆడపిల్లలను దింపే ముంగట వీళ్లిద్దరితోని మాట్లాడనియ్యుండ్రి."

అమ్మ, నేను క్లాసురూములో కూర్చున్నాం. అమ్మాయిలు ఒక్కొక్కరే లోపలికి వచ్చారు. నేను ఏం అడగాలో తెలియక మొదట్లో తడబడ్డాను. తిన్నవా, దెబ్బలేమన్న ఉన్నయా, ఇయ్యాల ఆడబుద్ధి అయితున్నదా, ఇంతే. కొందరు నవ్వి ఏంలేదన్నారు. ఒక పిల్ల బూట్లు అక్కవి, వదులైతున్నయి అంది. వేలిముందు గుడ్డ కుక్కి ఇచ్చాం. ఇద్దరు పిల్లలు అమ్మ చెవిలో చెప్పారు. టీచరుకు ఆ ఇద్దరి పేర్లు ఇచ్చి, రేపు చూడండని చెప్పాం. ఆమె కారణం అడగలేదు, అర్థం చేసుకుంది. మరుసటి రోజు నాకు డ్యూటీ. అమ్మ ఒక్కతే ఆటోలో వచ్చి కూర్చుంది. ఆ ఇద్దరిలో ఒక పిల్ల జట్టులోకి వచ్చింది, ఒక పిల్ల రాలేదు. రాని పిల్ల ఆట నిజంగానే ఇంకా పచ్చిగా ఉందని టీచరు ఫోనులో చెప్పింది. ఆ మాట ఆ పిల్లకే కూర్చోబెట్టి చెప్పిందట.

ఎండాకాలం మొదట్లో పెద్ద జట్టు శిక్షణ శిబిరానికి పేర్లు వచ్చాయి. నేను మెహిదీపట్నంలో బండి ఆగిన ఐదు నిమిషాల్లో అన్న ఫోను చేశాడు. రెండు గోల్స్ కొట్టిన ఫార్వర్డ్ అమ్మాయి పేరుంది, గోల్‌కీపర్ పేరుంది. పదిహేడో నంబరు పేరు లేదు.

"సారుకు చెప్పినవా?" అన్నాను.

"చెప్పానక్కా. ఆయన ఒకటే అన్నారు. పద్దెనిమిదేండ్లే గదా, మన రాష్ట్రాల టోర్నీల ఎక్కడ ఆడ్తదో చూడు అన్నారు." మళ్లీ తనే, "వెతికాను. వచ్చే నెల ఆడుతుంది వాళ్ల రాష్ట్రం తరఫున. ఎవరో ఒకతను ఫోనులో లైవ్ పెడతాడట, బొమ్మ అంత బాగుండదు," అన్నాడు.

"ఎన్ని గంటలకన్నా?"

"పొద్దున పదింటికి."

నాకు అప్పుడు డ్యూటీ ఉంటుంది. డ్రైవరు హారన్ కొట్టాడు, జనం ఎక్కుతున్నారు. ఆ రోజుకు షిఫ్టు ఎవరితో మార్చుకోవాలా అని ఆలోచిస్తూ బండెక్కి విజిల్ వేశాను.